మెడల మేస్త్రి చెయ్యి దిగిన వైనం

ఆ వీధిలో కటింగ్ షాపాయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మెడల మేస్త్రి అంటారు. కటింగ్ అయ్యాక తువ్వాలు దులిపి, నెత్తి మీద నాలుగు దెబ్బలు వేసి, గడ్డం ఒక చేత్తో, మాడు ఒక చేత్తో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పుతాడు. మెడ కటుక్కుమంటుంది. "తల వదిలేయాలండీ! మీ తలనేం నేను ఇంటికి పట్టుకుపోను" అని పైగా కసురుతాడు. కుర్చీలో కూర్చున్నవాడు కళ్లు తేలేసి "హాయిగా ఉంది" అంటాడు. మరేమంటాడు? కత్తి ఆయన దగ్గరుందాయె. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

అలాంటి మేస్త్రికి కుడి భుజం పట్టేసింది. మధ్యాహ్నం దాటితే చాలు, చేతిలో కత్తెర వణుకుతుంది. నొప్పిగా ఉందా అని భార్య అడిగితే "నాకా? నొప్పా?" అని ఎగిరిపడేవాడు. చివరికి ఒక ఆదివారం కత్తెర జారి చెవి తెగింది. తెగితే తెగింది, ఆ చెవి ఎవరిదనుకున్నారు? సాక్షాత్తూ భార్యకి అన్నగారిది! బావ పెద్దమనిషి కాబట్టి చెవికి దూది అడ్డం పెట్టుకుని నోరెత్తకుండా వెళ్లిపోయాడు. చెల్లెలు ఊరుకుంటుందా?

"ఇవాళ మా అన్న చెవి. రేపు ఎవరి గొంతో! ఆ భుజం బాగు చేయించుకుంటే సరి. లేదంటారా, షాపు తాళం నా చేతికివ్వండి. ఇంకొకళ్లకి అద్దెకిచ్చేస్తాను."

మేస్త్రికి తెలుసు, ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ఆ షాపు లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? ఎవరితో మాట్లాడాలి? ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు.

వైద్యం దూరంలో లేదు. షాపుకి సరిగ్గా ఎదురుగా, మేడ మీద మసాజ్ సెంటర్ ఉంది. వచ్చిన చిక్కల్లా అదే. అది తెరిచిన ఆర్నెల్ల నుంచీ మేస్త్రి దాన్ని ఆడిపోసుకోని రోజు లేదు. "పడుకోబెట్టి నూనె రాస్తారట. మనుషులా, తలుపు బందులా?" అని వచ్చిన ప్రతివాడి చెవిలోనూ ఊదాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? భార్య ఆ మాట వినిపించుకోకుండా, రెక్క పట్టుకుని మెట్లెక్కించింది.

ముందుగదిలో ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. బీపీ ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఏం పని చేస్తారు, నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంత. పని దగ్గర 'వ్యాపారం' అని రాశాడు మహానుభావుడు. నొప్పి దగ్గర నిండుగా, గుండ్రంగా సున్నా చుట్టాడు.

మసాజ్ చేసే ఆవిడ నడివయసు మనిషి, ముంజేతులు దిట్టంగా ఉన్నాయి. ఆయన్ని లోపలి గదిలో ఎత్తుబల్ల దగ్గరికి తీసుకెళ్లింది. "అన్నగారూ, నేను బయటికెళ్తాను. మీకు ఇబ్బంది లేనంతవరకు బట్టలు తీసి, దుప్పటి కప్పుకుని బోర్లా పడుకోండి. మొహం బల్లకున్న ఆ కంతలో పెట్టండి. తలుపు కొట్టే లోపలికొస్తాను" అని చెప్పి వెళ్లింది.

ఇబ్బంది లేనంతవరకు మేస్త్రి తీసినవి రెండే. వాచీ, కళ్లజోడు.

ఆవిడ తలుపు కొట్టి వచ్చి, దుప్పటి భుజం దాకా జరిపి చూసింది. "మసాజు మీకా, చొక్కాకా?" అంది. గొణుక్కుంటూ చొక్కా తీశాడు, బనియనూ తీశాడు.

ముప్పై ఏళ్లుగా జనాన్ని నడినెత్తి మీంచి చూసినవాడికి ఇప్పుడు కంతలోంచి ఆవిడ చెప్పులు తప్ప ఏమీ కనపడటం లేదు. వీపు మీద గోరువెచ్చటి నూనె పడింది. కాసేపు బాగానే ఉంది. అంతలో ఆవిడ బొటనవేలు భుజం వెనకాల గట్టిపడ్డ ముడి మీదికి వచ్చింది.

"నొప్పి పుడితే చెప్పండి, తగ్గిస్తాను. ఎలా ఉంది?"

"హాయిగా ఉంది."

"ఇప్పుడు?"

"భలే హాయిగా ఉంది."

కంతలోంచి టపటపా రెండు చుక్కలు చెప్పుల పక్కన పడ్డాయి.

"అన్నగారూ, కింద తడుస్తోంది."

"చెమటమ్మా."

"ఏసీ వేశానే!"

ఆవిడ ఆయన్ని వెల్లకిలా తిరగమంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని పైకెత్తింది. "బరువంతా నాకు వదిలేయండి."

"వదిలేశాను."

"వదల్లేదు."

"వదిలేశానంటుంటే వినవేంటమ్మా!"

"నేను పట్టు వదిలి నిమిషమైంది."

మేస్త్రి కళ్లు తెరిచాడు. మోచెయ్యి గాల్లో నిలబడి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. దించుదామని చూస్తే అది దిగనని మొరాయించింది. తన ఒంట్లో చెయ్యి తన మాట వినకపోవడమేమిటని ఆయనకి నిజంగానే భయమేసింది.

"మీ షాపులో కుర్చీ కిందికి దిగదా?" అని అడిగిందావిడ.

"ఏ షాపు?"

"కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. వ్యాపారమట వ్యాపారం!"

దొంగ దొరికిపోయాడు. కుర్చీ మీట విరిగి ఏడేళ్లయింది. అది పైనే బిగుసుకుపోతే, బాగు చేయించడానికి బద్ధకించి అప్పట్నుంచీ చెయ్యెత్తే కటింగ్ చేస్తున్నాడు.

"ఇంకో మాట చెప్పనా? నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది మీ షాపు నుంచి వచ్చేవాళ్లే. మెడ పట్టేసిందని."

"అబద్ధం! ఒక్కడంటే ఒక్కడైనా నాతో నొప్పన్నాడా?"

"మీరు నాతో అన్నారా?"

ఆవిడ భుజం కిందికి చెయ్యి పోనిచ్చి మళ్లీ ముడి మీద వేలు పెట్టింది. "ఇప్పుడు నిజం చెప్పండి. ఎంత?"

"తొమ్మిది! అమ్మో, తొమ్మిదిన్నర!"

ముందుగదిలోంచి భార్య గొంతు వినపడింది. "హమ్మయ్య, అరిచారు!"

మసాజ్ ఆవిడ వెంటనే చెయ్యి తేలిక చేసింది. సరిగ్గా ఎంత నొక్కాలో అంతే నొక్కింది. చెయ్యి మెల్లగా బల్ల మీదికి వచ్చి వాలింది. మేస్త్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, సిగ్గు కొంత, సుఖం కొంత. అయ్యాక ఆవిడ ఒక్కసారిగా లేవొద్దని చెప్పి, నిదానంగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వారానికొకసారి చొప్పున ఇంకో నాలుగుసార్లు రమ్మంది. ముందు ఆ కుర్చీ దించమంది.

నెల తిరిగింది. బావ కటింగ్‌కి వచ్చాడు. కావాలనే మధ్యాహ్నం పూట రమ్మంది చెల్లెలు. కుర్చీ కిందికి దిగింది. బావ ఒక చేత్తో చెవి మూసుకుని మరీ కూర్చున్నాడు. షాపు తాళంచెవి వేలికి తగిలించుకుని చెల్లెలు అద్దం పక్కన కాపలా కూర్చుంది. కత్తెర ఈ చెవి చుట్టూ తిరిగింది, బావ చెయ్యి తీశాక ఆ చెవి చుట్టూ తిరిగింది. వణకలేదు.

తువ్వాలు దులిపాడు. అలవాటు కొద్దీ మేస్త్రి చేతులు గడ్డం మీదికీ మాడు మీదికీ వెళ్లాయి. అక్కడ ఆగాయి.

"బావా, ఇలా తిప్పితే నొప్పిగా ఉంటుందా? ఉంటే చెప్పు."

బావ అద్దంలోంచి చెల్లెలి వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. "ముప్పై ఏళ్లుగా ఉంటోంది బావా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"పిల్లనిచ్చుకున్నవాళ్లం. ఏమని చెప్తాం?"

భార్య పకపకా నవ్వి తాళంచెవి బల్ల మీద పెట్టేసింది. మేస్త్రి బావ తల వదిలేశాడు. కుడిచెయ్యి దానంతటదే కిందికి దిగింది.