గాలి తలుపు, గోడ వాకిలి

తేదీ: డిసెంబరు రెండో ఆదివారం, పొద్దున ఏడు గంటలు. స్థలం: నంద్యాలలో మా పెరడు. హాజరైనవారు: నేను, నా భార్య లక్ష్మీదేవి, పక్కింటి మద్దిలేటి (ముద్దాయి), నా తరఫు సాక్షిగా ఆళ్లగడ్డ నుంచి పిలిపించిన బావమరిది ఓబులేసు, గోడ పక్కన నలభై ఇటుకలు, ఒక సిమెంటు మూట.

ఆనాటి డైరీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాశాను. ఆ పూట నా పరువు ఎన్ని ముక్కలైందో ముందు ముందు మీరే లెక్కపెట్టుకోండి. అప్పుడు నేనింకా కుర్రవాణ్ణి. అరవై ఒకటే. నవ్వకండి. కోర్టులో రికార్డు గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు ఊరందరి నేరాలూ గుండ్రటి అక్షరాల్లో రాసి, ఇంటికొచ్చి ఆరు నెలలైంది. రాయడానికి నేరం దొరక్క చెయ్యి దురద పెడుతోంది.

లక్ష్మీదేవి మోకాళ్ల నొప్పులకు పొద్దున్నే వేడినీళ్లు కావాలని ఓబులేసు ఒక కట్టెల బాయిలర్ చేసి తెచ్చి, పెరట్లో వంటింటి కిటికీ పక్కన నిలబెట్టాడు. ఆళ్లగడ్డలో శిల్పుల ఉలులను కొలిమిలో కాల్చి పదును పెట్టడం అతని పని. నిప్పు రంగు చూసి దాని మనసులో ఏముందో చెప్పగలడు. బాయిలర్‌కు కింద గాలి పోయే చిన్న ఇనుప తలుపు, పైన పొగగొట్టంలో తిప్పే రేకు ఉన్నాయి.

"బావా, బాగా విను. మంట అంటుకునేదాకా ఈ తలుపు బార్లా తెరువు. అంటుకున్నాక వేలెడు సందు పెట్టి మూసెయ్. పైన రేకు సగమే తిప్పు. అంతా మూస్తే పొగ యాడికి పోవల్ల? నీ ఇంట్లోకే!"

"రాసుకున్నా లేప్పా," అన్నాను.

నెలకని తెచ్చిన తుమ్మ కట్టెలు పన్నెండు రోజులకే అయిపోయాయి. రెండో బండిదీ అదే గతి. కట్టెలకు కాళ్లు లేవు. మనుషులకు ఉన్నాయి. నాకు అనుమానం రాజుకుంది. దానికి గాలి తలుపు అక్కర్లేదు, ఊరికే మండుతుంది.

మా ఇంటికీ మద్దిలేటి ఇంటికీ మధ్య గోడలో చిన్న వాకిలి ఉంది. ముప్పై ఏళ్లుగా దానికి గడియ లేదు. మా పప్పు అటు, వాళ్ల బొరుగుల ఉగ్గాణి ఇటు నడిచేది అందులోంచే. వీధి చుట్టి వెళ్లలేని లక్ష్మీదేవికి ఆ గడప మీద మద్దిలేటి భార్యతో కూర్చునే గంటే లోకం. అయితే మద్దిలేటి ఈ మధ్యే సందు మొదట్లో ఉగ్గాణి, బజ్జీల బండి పెట్టాడు. దానికి కట్టెల పొయ్యి! ఇంకేం సాక్ష్యం కావాలి?

నా కట్టెలన్నిటికీ సుద్దతో నంబర్లు వేశాను. గోడ వాకిట్లో ముగ్గుపిండి చల్లి అడుగుజాడలు పట్టాను. అవి లక్ష్మీదేవి చెప్పులవని తేలింది. ఒకరోజు మద్దిలేటి వినేలా "కట్టెల దొంగ!" అని అరిచాను, భుజాలు తడుముకుంటాడేమోనని. మోకాలు గోక్కున్నాడు. అదీ రాసుకున్నాను. చివరికి వాకిలి మూసేయడానికి ఇటుకలు తెప్పించి, ఆ ఆదివారం విచారణ మొదలుపెట్టాను.

"మద్దిలేటీ, నీ పొయ్యిలో మండుతాండేవి ఏం కట్టెలు?"

"తుమ్మ కట్టెలన్నా."

"నావీ తుమ్మ కట్టెలే!"

"నీకు రెండు చెవులు, నాకూ రెండు చెవులే. నీవి గాని పెరుక్కొచ్చుకున్న్యానా ఏంది?"

లక్ష్మీదేవి ఇటుకల మీద కూర్చుంది. "ఈ వాకిలి మూస్తే నేను తమ్మునితో ఆళ్లగడ్డకు పోతా. మీరూ మీ డైరీ కాపురం చేసుకోండి."

"ఉండక్కా," అన్నాడు ఓబులేసు. "బావా, ఆ పుస్తకంలో ఏం రాసినావో సదువు."

గొంతు సవరించుకుని చదివాను. "ఆరు పది, నిప్పు రాజేశాను. ఆరు పన్నెండు, గాలి తలుపు తెరిచాను. ఆరు ఇరవై, కిటికీలోంచి చూస్తే పొగగొట్టం మొదలు ఎర్రబడింది. మంట అమోఘం."

"గొట్టం ఎర్రబడిందా!" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "కొలిమిలో ఉలి ఎర్రబడల్ల గాని, ఇంట్లో గొట్టం ఎర్రబడేదేంది? ఇల్లు కాలిపోలేదు, అదే మీ అదృష్టం. ఇంకో రోజుది సదువు."

చదివాను. మర్నాటిదీ చదివాను. తేదీలు తప్ప తేడా లేదు.

"తెరిచినట్టు దినామూ రాసినావు. మూసినట్టు యాడ రాసినావు బావా?"

పేజీలు ముందుకు తిప్పాను. వెనక్కి తిప్పాను. డైరీని తలకిందులు చేసి కూడా చూశాను. తలుపు తెరవగానే ఆ సంగతి రాయడానికి లోపలికి పరుగెత్తేవాణ్ణి. తిథి, వారం, చలి ఎంతుందో అన్నీ రాసి వచ్చేసరికి కట్టెలు బూడిదై, వేడంతా గొట్టంలోంచి ఆకాశానికి స్నానం చేయించేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగను వాడి చేతిరాతే పట్టించింది.

మద్దిలేటి నవ్వలేదు. "ఉగ్గాణి సల్లారిపోతాంటుంది. పోతాన్నా," అని లేచాడు. వాకిట్లోంచి కాదు, వీధి చుట్టి వెళ్లాడు.

మర్నాడు సోమవారం. పశ్చాత్తాపంతో నిప్పు రాజేశాను. మంట అంటుకోగానే గాలి తలుపు వేలెడు సందుతో మూశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? కొంచెం మూస్తేనే ఇంత ఆదా అయితే, అంతా మూస్తే ఎంత! పైన రేకు కూడా పూర్తిగా తిప్పేసి, "మూశాను" అని రాయడానికి లోపలికి పరుగెత్తాను.

"ఏం రాస్తాండారు లోపల? ఇల్లంతా పొగ!" లక్ష్మీదేవి దగ్గుతూ కేక వేసింది.

కళ్లు మూసుకుని డైరీతో సహా పెరట్లోకి పడ్డాను. అంతలో గోడ వాకిట్లోంచి బకెట్టుతో మద్దిలేటి దూసుకొచ్చాడు. "యాడున్నావన్నా?" అని అరిచాడు. "ఈడున్నా!" అన్నాను. బకెట్టెడు చన్నీళ్లు నా నెత్తిన పడ్డాయి. తర్వాతే అతను చెయ్యి చాచి రేకు వెనక్కి తిప్పాడు.

"పొగలో కనపడలేదన్నా," అన్నాడు. వాకిలి పక్కన లక్ష్మీదేవీ, మద్దిలేటి భార్యా ఇటుకల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. పొగకు కాదు.

తడిసిన డైరీ మీద చెయ్యి పెట్టి అందరి ముందూ ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో తలుపు మూశాకే కలం తెరుస్తాను, పొరుగువాడికంటే ముందు పొయ్యిని అనుమానిస్తాను. బకెట్టు సంగతి మాత్రం ఇంకా విచారణలోనే ఉంది.