అరగంట ఆగని సంచులు

"సంచులు అరగంట నీళ్లల్ల తేలాలె. జల్ది జెయ్యకు" అన్నాడు మా ఆయన, బండి మీద కూర్చుని.

"నాకే నేర్పుతున్నవా? నువ్వు పోయి తవుడు తే" అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరు మాటలు. తవుడు చేపల మేతకు. దానికోసం ఆయన కోరుట్ల పోయాడు.

చందుర్తి దగ్గర మా ఊరి మత్స్య సంఘంలో చేప పిల్లల పని నాది. మోకాళ్లు ఆగినన్నాళ్లు చేసి, పోయినేడు మానేశాను. సిరిసిల్ల జిల్లా అయిన తర్వాత ఒక శ్రావణంలో జరిగిన సంగతి ఇది. మా సంఘంలో చిన్న కండ్ల వల వేయరాదు, కోళ్ల వ్యర్థం మేతగా వేయరాదు, గుడ్ల మీదున్న చేపను పట్టరాదు. ఆ ఎండాకాలం చెరువు ఎండి పాత చేప మిగల్లేదు. ఈ పిల్లలు బతికితేనే సంఘంలో అందరికీ మరుసటేడు పని.

పిల్లలు జగిత్యాల నుంచి ఆటోలో వస్తాయి, నీళ్లూ గాలీ నింపి కట్టిన ప్లాస్టిక్ సంచుల్లో. ముడి విప్పకుండా సంచులను చెరువులో తేలనిస్తే లోపలి నీళ్ల వేడి, బయటి నీళ్ల వేడి సమం అవుతాయి. అప్పుడు విప్పి, చెరువు నీళ్లు దోసిలితో కొంచెం కొంచెం లోపలికి పోయాలి. పిల్లలు వాటంతట అవే ఈదిపోవాలి. ఒక్కసారి కుమ్మరిస్తే తట్టుకోవు.

ఆయన పోయిన రెండు గంటలకు ఆటో వచ్చింది, నేను నడుము లోతు నీళ్లలో ఉన్నాను. సంచులు వేసి పది నిమిషాలు కాలేదు. మా ఆడబిడ్డ రాజవ్వ ముగ్గురు ఆడవాళ్లతో గట్టు మీదికి వచ్చింది.

"వదినా, ఒడ్డుకు రా. అన్న కోరుట్లల పడిపోయిండు. ఇగ లేడట."

చెవులకు వినబడింది, లోపలికి పోలేదు. "ఇంక అరగంట కాలే" అన్నానట. అన్నట్టు నాకు గుర్తు లేదు, తర్వాత రాజవ్వ చెప్పింది. నా పని వాళ్లు చేస్తారని చెప్పి చెయ్యి పట్టి లాక్కుపోయింది. మిగతా ముగ్గురూ మంచికే చేశారు. గబగబా ముళ్లు విప్పి, సంచులన్నీ కుమ్మరించి, నా వెనకే ఇంటికి వచ్చారు.

పిల్లలు తెల్లారే తేలాయట. నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడో నాడు, ఆయన పేరున పిట్టకు మెతుకులు పెట్టి వచ్చాక, రాజవ్వ పక్కన కూర్చుంది.

"పిల్లలు సచ్చినయ్ వదినా. గట్టు పొడుగూత తెల్లగ."

ఎన్ని అని అడిగాను.

"అన్ని." తర్వాత తనే అడిగింది, "మేమే సంపినమా?"

ఆయన పోయాడన్నప్పుడు ఎట్లా నిలబడ్డానో, అట్లాగే కూర్చుండిపోయాను.

లావణ్యా, మా అక్క బిడ్డవు, నేను చెబుతుంటే రాస్తున్నావు గానీ నీకైనా ఇది ఇంతవరకు చెప్పలేదు, ఇది కూడా రాయి. ఏళ్ల తరబడి "నేను చెప్పేదాక ముడి విప్పొద్దు" అన్నానే గానీ, ఎందుకో ఒక్కరికీ చెప్పలేదు. నాకూ మా ఆయనకే తెలిసిన పని అనిపించుకోవడం నాకు బాగుండేది. తర్వాత సంఘంలో ప్రతి ఒక్కరి చెయ్యి సంచి నీళ్లలో ఒకసారి, చెరువు నీళ్లలో ఒకసారి, వేడి తేడా తెలిసేటట్టు పెట్టించాను. మొదట రాజవ్వ చెయ్యి. పని ఎట్లా చేయాలో చెబితే చాలదు, ఎందుకో కూడా అందరికీ తెలియాలి. నేర్చుకున్నది ఇంతే.

ఇగ సాలు బిడ్డా. మొదటి సంది సదువు, ఏం జెప్పిన్నో నేను వింట.