మైలపడిన పరుపు

బాలింతను చూడటానికి వచ్చే జనమంటే నాకు పరమ రోత. ఒక హార్లిక్స్ సీసా, బిడ్డకు పట్టని గౌను ఒకటి పట్టుకుని దిగుతారు. నేరుగా వచ్చి మంచం మీదే కూలబడతారు. ఆ ఊపుకి కడుపు మీద కుట్లున్న మనిషి పళ్లు బిగపడుతుంది, అది ఎవరికీ కనపడదు. "నార్మల్ కాలేదా, అయ్యో" అని నిట్టూర్చి, కాఫీ తాగి, బిడ్డది ఎవరి ముక్కో తేల్చి వెళ్లిపోతారు. వచ్చీ రాగానే బిడ్డ మొహం చూడకుండా, వంగి మంచం ఎంత ఎత్తుందో చూసిన మనిషిని నా జన్మలో ఒక్కామెనే చూశాను. ఆమె మార్తమ్మ.

మార్తమ్మది మా ఊరు నకరికల్లే. వాళ్లమ్మ మంత్రసాని. ఈమె మాత్రం నరసరావుపేటలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసింది. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేక మానేసి, ఊళ్లో బాలింతలకూ బిడ్డలకూ నీళ్లు పోసే పని పట్టుకుంది. ఆమె తల్లి కాలంలో కాన్పు చేయడం తెలిస్తే చాలు. ఇప్పుడు ఇంటికో ఆపరేషను కాబట్టి, కోసిన కడుపుతో మనిషి ఎలా లేవాలో, ఎలా కూర్చోవాలో తెలియాలి. అది మార్తమ్మకు తెలిసినంతగా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. పక్కకు తిరిగి, మోచేతి మీద బరువేసి, కాళ్లు ముందు కిందకి దించి లేవమని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పేది. "దగ్గొస్తే ముందు దిండు, తర్వాత దగ్గు" అని పొట్టకు దిండు అదిమి పట్టించేది. నోరు మాత్రం మంచిది కాదని పేరు. "బిడ్డకేంది, ఏడిస్తే పది మంది ఎత్తుకుంటారు. తల్లి ఏడిస్తే, ఏడవబాకే కుట్లు లాగుతయ్ అంటారు" అనేది.

మా అన్నయ్య త్రికోటేశ్వరరావు కూతురు బిందుకి మొదటి కాన్పు మా ఇంట్లోనే జరిపించాలన్నారు. నరసరావుపేట ఆసుపత్రిలో ఆపరేషనైంది. నేను పిడుగురాళ్లలో బడిపంతులమ్మని, సాయానికని సెలవు పెట్టి పుట్టింటికి వచ్చాను. బిందు మొగుడు గోపీచంద్ బుద్ధిమంతుడు. డాక్టరమ్మను అడిగి, కావలసినవన్నీ రాసుకుని మరీ కొని పంపాడు. ఎత్తు మంచం, గట్టి పరుపు, నడుముకు బెల్టు, పొడుగు దిండు, మధ్యలో కంత ఉన్న మరుగుదొడ్డి కుర్చీ, ముందు జిప్పుండే నైటీలు, ఎంత తాగారో గీతలు చూపించే నీళ్ల సీసా. అన్నీ వచ్చి నడిమింట్లో ఉన్నాయి, కవరు కూడా విప్పకుండా. వాటిని చూడటానికి కూడా జనం వచ్చారు.

ఐదో రోజున బిందుని ఇంటికి తెచ్చి, పెరటి గదిలో కుక్కి మంచం మీద పడుకోబెట్టారు. మిరపకాయలు ఆరబోసిన చోట ఏడాదంతా పడి ఉండే నులక మంచం అది. నులక సందుల్లో ఇంకా గింజలున్నాయి. పిల్ల పడుకోగానే తుమ్మింది, తుమ్మగానే కెవ్వుమంది.

"కొత్త మంచం ఉందిగా అమ్మా" అన్నాను మా అమ్మ పార్వతమ్మతో.

"పురుడు ఎల్లేదాకా అయి ముట్టుకోవటానికి లేదు" అంది.

మా ఇంట్లో పద్ధతి ఇది. పదకొండో రోజు పురుడు స్నానమయ్యేదాకా బాలింత ముట్టిందల్లా మైల. ఆ రోజున ఆమె పడుకున్న మంచం, చాప, కట్టిన బట్ట అన్నీ నీళ్లు పోసినామెకు ఇచ్చెయ్యాలి. ఇచ్చేసేవి కాబట్టి, ఇంట్లో ఉన్నవాటిలో పరమ దరిద్రమైనవి వెతికి బాలింతకు వేస్తారు. ఒళ్లు కోసిన మొదటి పది రోజులే మనిషికి మంచి మంచం కావాలి, ఆ పది రోజులే ఆమెకు చెత్త దొరుకుతుంది. నొప్పులన్నీ తగ్గాక, పన్నెండో రోజున, కొత్త పరుపు వేస్తారు. ఇందులో ఉన్న బుద్ధిహీనత చెప్పడానికి సైన్సు చదవక్కర్లేదు. నేను చదివాను, పిల్లలకు చెబుతాను కూడా. "నువ్వు ఇద్దర్ని కనలా? నువ్వు పడుకోలా ఆ మంచం మీదే?" అంది అమ్మ. పడుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా నోరు తెరవలేదు.

పెరటి చివర గొంతుక్కూర్చునే దొడ్డి. రెండుసార్లు వెళ్లొచ్చాక బిందు నీళ్లు తాగడం మానేసింది, తాగితే మళ్లీ వెళ్లాలని. అమ్మ దానికీ మురిసిపోయింది. "మంచిదే. బాలింత నీళ్లు తాగితే కుట్లు చీం పడతయ్" అంది. మా వదిన అత్తగారి మాటకు తల ఊపింది. కన్నకూతురి పెదాలు పగిలిపోతుంటే తల ఊపింది!

మార్తమ్మ రోజూ పొద్దున పెరటి గుమ్మంలోంచి వచ్చి, ఆ గదిలోనే పని చేసి, అటే పోయేది. ఇంట్లోకి ఆమెకు దారి లేదు. మైల ఒక్కటే కారణమైతే ఏదో సరిపెట్టుకోవచ్చు. దాని వెనక ఇంకో కారణం ఉంది, దాన్ని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఎనిమిదో రోజున నీళ్లు పోస్తూ మార్తమ్మ చెయ్యి ఆగిపోయింది. బిందు పొట్టకు కట్టిన పాత చీర ముక్క పసుప్పచ్చగా తడిసి ఉంది. వాసన నాకూ వచ్చింది.

"ఎప్పట్నించమ్మాయ్ ఇది?"

"నిన్నట్నించి. నాయనమ్మ చెమటంది."

ఒళ్లు పట్టుకుని చూసింది. కాలిపోతోంది. గుమ్మం దగ్గర నిలబడి అమ్మను పిలిచింది. "అమ్మా, కుట్టు కాడ చీం గారతంది. జరం గూడా వచ్చింది. ఇప్పుడే ఆస్పత్రికి తీసకపోండి. తిరిగొచ్చినాక ఈ కుక్కిలో మాత్రం పడుకోబెట్టబాకండి. లేచినప్పుడల్లా కుట్లే లాగుతన్నయ్."

"ఇంకెన్ని రోజులే, మూడు రోజులు. ఓర్చుకోలేదా? మేమంతా కనలా?"

"మీరు కన్నారు. ఈ పిల్లని కోశారు."

"నోరు అదుపులో పెట్టుకో. ఆ మంచం మైలబడితే పురుడు నాడు ఎవరికియ్యాల? నీకా?"

మార్తమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తడి చేతులు తుడుచుకోలేదు. గడప దాటి నడిమింట్లోకి నడిచింది. పరుపు మీది కవరు పర్రున చింపి, రెండు చేతులూ దాని మీద ఆనించి రుద్దింది. దిండు ముట్టుకుంది. బెల్టు విప్పి చూసి మళ్లీ చుట్టింది. నీళ్ల సీసా మూత తీసి పెట్టింది. నైటీలు ఒక్కొక్కటీ తాకింది. చివరికి ఆ కుర్చీలో కూర్చుని లేచింది.

"అయిపోయిందమ్మా. అన్నీ మైలబడినయ్. ఇంక మీకు పనికిరావుగా, ఆ పిల్లకియ్యండి" అంది.

మా అమ్మ పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. మనవరాలికి చీము కారుతోందంటే అందులో పావు వంతు కేక కూడా పెట్టలేదు. మా అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, పిల్లకు జ్వరం ఎంతుందని అడగలేదు. "ఇది లోపలికెందుకొచ్చింది?" అని అడిగాడు. ఇది! ఇరవై రెండేళ్లలో ఎంతమంది తల్లుల్ని లేపి నిలబెట్టిందో ఆ మనిషి. మా అన్నయ్య పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా వాళ్లమ్మే. ఆ మాట వాడికి చెప్పాలనిపించింది, కానీ కారు తియ్యమని మాత్రం అరిచాను.

నరసరావుపేటలో డాక్టరమ్మ గాయం కడిగి, కట్టు కట్టి, సూదిమందులు రాసింది. ఇంకో రెండు రోజులైతే కుట్లు మొత్తం విచ్చుకునేవంది. ఈ పిల్లకు నీళ్లెందుకు ఇవ్వలేదని మా వదినను నిలబెట్టి దులిపేసింది. వదిన అక్కడా తల ఊపింది.

ఇంటికొచ్చేసరికి కొత్త మంచం పెరటి గదిలో ఉంది. మైలపడింది కాబట్టి ఇంక ఎక్కడుంటేనేం అని అమ్మ వేయించింది. మర్నాడు బిందు పక్కకు తిరిగి, మోచెయ్యి ఊని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి కూర్చుంది. కుర్చీ ఉంది కదాని కడుపునిండా నీళ్లు తాగింది. మూడో రోజుకి జ్వరం దిగింది. "అత్తా, నవ్వితే కూడా నొప్పి తగ్గింది" అని నవ్వి చూపించింది.

పదకొండో రోజు పురుడు స్నానమై, బిందునీ బిడ్డనీ నడిమింట్లోకి తెచ్చారు. అమ్మ చెంబుతో పసుపు నీళ్లు, మామిడి రెబ్బ నా చేతికిచ్చి పెరటి గదంతా చల్లమంది. చల్లాను. మంచం మీద, పరుపు మీద, దిండు మీద, ఆ కుర్చీ మీద. తర్వాత అమ్మ మార్తమ్మను పెరట్లోకి పిలిచి కుక్కి మంచం, చినిగిన చాప, చీర ముక్కలు చూపించింది.

"ఇయ్యి తీసకపో. కొత్తయి మాత్రం అడగబాకు. పసుపు నీళ్లు చల్లాం, మైల పోయింది."

నాలుగు చుక్కలతో పోయే మైల కోసమా ఆ పిల్లను మిరప గింజల మీద పడుకోబెట్టింది? ఖరీదైన పరుపయ్యేసరికి శాస్త్రానికి సందు దొరికింది.

మార్తమ్మ కుక్కి మంచం వంక చూడను కూడా చూడలేదు. "పరుపు నాకెందుకమ్మా, ఆ పిల్ల ఇంకో నెల పడుకోవాల" అంది. తర్వాత నా చేతిలో చెంబు చూసి, నడిమింటి గుమ్మానికి ఒక అడుగు దగ్గరకొచ్చి నిలబడింది.

"చానా మంచి నీళ్లమ్మా అయ్యి. నా మీద గూడా నాలుగు చుక్కలు చల్లండి, లోపలికొచ్చి బిడ్డను చూసి పోతా."

అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అన్నయ్య ఫోను చూసుకుంటున్నాడు. చెంబులో నీళ్లింకా సగం ఉన్నాయి. నేను చల్లలేదు. చల్లకపోయినా ఫర్వాలేదు, లోపలికి రా మార్తమ్మా అనీ అనలేదు.