రేకు మీద బిగించిన వించ్

మా ఆయన నడుము మిల్లర్ వల్ల పోయింది. కాంక్రీటు కలిపే యంత్రాన్ని మా దిక్కు మిల్లర్ అంటరు. మాకు అవి రెండున్నయి, ఒక జనరేటరు, నేల దిమ్మిస చేసే చిన్న రోలరు గూడ ఉన్నది. ఇండ్లు కట్టేటోళ్లకు, మోరీలు తవ్వేటోళ్లకు వాటిని కిరాయికిచ్చుడు మా పని. హుస్సేనీ ఆలంల మా గల్లీకి పెద్ద లారీ రాదు. అందుకని పికప్ బండి వెనుక తగిలించుకునే ట్రాలీ ఒకటి పెట్టుకున్నం. ట్రాలీకి వెనుక రెండు ఇనుప పలకలు వాలుస్తరు, వాటి మీదికెళ్లి మిల్లర్‌ను పైకి నెట్టాలె. ఏండ్ల కొద్ది నెట్టిన్రు. నలుగురు మొగోళ్లల్ల ఒకడు "హైలెస్సా" అంటడు, ఇద్దరు నెడుతరు, ఇంకొకడు నెట్టినట్టు చేస్తడు. ఆ ఇంకొకడు మా మరిది.

ఒక వానకాలం పొద్దున పలక మీది బురదకు మా ఆయన కాలు జారింది. మిల్లర్ వెనుకకు దొర్లబోతుంటె వీపు అడ్డం పెట్టి ఆపిండు. గల్లీ అంత శభాష్ అన్నది. శభాష్ అన్నోళ్లల్ల ఒక్కడు గూడ ఆయనను దవాఖానకు తోల్కపోలే. ఆటో మాట్లాడింది నేను, ఎక్కించింది నేను. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇగ జన్మల బరువులు నెట్టొద్దని చెప్పిండు. బండి నడపొచ్చు గానీ మోసుడు, నెట్టుడు బంద్.

అప్పటి నుంచి మా మరిది పెద్దమనిషైండు. పొద్దుగాల తెల్లంగి వేసుకొని వచ్చి ట్రాలీ పక్కన నిలవడతడు. కూలోళ్లు నెడుతుంటె "అట్ల గాదు, ఇట్ల" అంటడు. ఇట్లంటె ఎట్లనో ఆయనకు గూడ తెల్వదు.

ఆ రోజులల్లనే నేను రోడ్డు మీద ఒకటి చూసిన. చెడిపోయిన కారును ఒక్కడే మనిషి బండి మీదికి ఎక్కిస్తున్నడు. బండి ముందట ఒక మోటరు, దానికి చుట్టిన ఇనుప తాడు, తాడు కొసకు కొక్కెం. ఆ మనిషి ఒక చేతిల చిన్న రిమోట్ పట్టుకొని, ఇంకో చేతిల సమోసా తింటున్నడు. కారు దానంతట అదే పైకి పోయింది. దాన్ని వించ్ అంటరని అడిగి తెలుసుకున్న. ఇన్నేండ్లు మా ఇంటి ముందట "హైలెస్సా" విన్న నాకు ఆ సమోసా మీద మస్తు కోపమొచ్చింది.

ఇంట్ల చెప్తె మా ఆయన తల ఊపిండు. మరిది మొఖం మాత్రం కందగడ్డైంది. మేం సచ్చినమా, ఇంట్ల మొగోళ్లుండంగ మిషిన్ తోని గుంజుడేంది, నలుగురు వింటె నవ్వుతరని లొల్లి పెట్టిండు. నేను మా ఆయనను తోల్కొని మిషిన్ల దుకాణాలుండే రాణిగంజ్ పోయిన. దుకాణపాయనను ఎంత బరువు గుంజుతదని అడిగింది నేనైతె ఆయన జవాబు మా ఆయనకు చెప్పిండు. బ్యాటరీ ఎట్లాంటిది కావాలని నేనే అడిగిన, దానికి గూడ మా ఆయనకే చెప్పిండు. మా ఆయన ఒక్క ప్రశ్న అడగకుండ అన్ని జవాబులు మోసుకొచ్చిండు, అంత నడుము నొప్పిల.

వించ్ ఇంటికొచ్చినంక మరిది పాట మార్చిండు. నేనుండంగ బయటోడెందుకు, నేనే బిగిస్తనన్నడు. ఆయన ఐటీఐల ఒక యాడాది కూసున్నడు. కూసున్నడనే అంటున్న, చదివిండని నేననలేను. మూడు దినాలు మంచం మీద పండుకొని ఫోన్ల వీడియోలు చూసిండు. ఆదివారం పగటీలి అన్నం తిన్నంక డ్రిల్లు మిషిన్ ఎవల్దో అడుక్కొచ్చిండు. పని లేని మొగోళ్లంత ట్రాలీ చుట్టు చేరిన్రు. ఆదివారం నాడు ఎక్కడన్న డ్రిల్లు చప్పుడైతె చాలు, ఈ గల్లీల ప్రతొక్కడు ఇంజినీరే.

వించ్‌ను తెచ్చి ట్రాలీ ముందు భాగంల నేల రేకు మీద పెట్టి, నాలుగు బోల్టులు దిగ్గొట్టిండు. రేకు కింద ఏమున్నదో చూడలే. చూడాలంటె కిందికి వంగాలె, వంగితె తెల్లంగి మాస్తది. నేను పోయి పానాతోని ఆ రేకును రెండు దెబ్బలు కొట్టిన. అడుగు తుప్పు పట్టిన రేకు ఎట్ల మోగుతదో నాకు ఎరికే, ఏండ్ల సంది ఆ ట్రాలీని కడిగేది నేను. డొల్లగ మోగింది.

"తమ్మీ, ఇది ఉత్త రేకు..." అని ఇంక చెప్పబోతున్న.

"వదినా, నువ్వు పొయ్యి చాయ్ పెట్టు. ఇది నీ కుక్కరు గాదు," అన్నడు.

అందరు నవ్విన్రు. మా ఆయన గూడ నవ్విండు, మెల్లగ, నోరు తెరవకుండ. నేను లోపలికి పోయి చాయ్ పెట్టిన.

ఇక్కడ నా సంగతి గూడ చెప్పాలె. ఆ రేకు ఆగదని నాకు తెలుసు. బ్యాటరీ నుంచి ఆయన వేసిన వైరు సన్నంగుండుడు గూడ చూసిన. ఇంకొక్కసారి గట్టిగ చెప్పొచ్చు. మా ఆయనను పక్కకు పిలిచి చెప్పొచ్చు. చెప్పలే. పొయ్యి కాడ నిలబడి, అది ఊడాలె, అందరి ముందట ఊడాలె అని కోరుకున్న. చాయ్‌ల అల్లం గూడ దంచేసిన, తమాషా మంచిగ నడవాలని.

మా ట్రాలీకి సరిగ్గ వెనుక, ఎదురింటి అరుగు ఉంటది. ఆ ఇంటి ముసలామెను గల్లీ అంత దాదీ అంటరు. పగటీలి ఆమె ఆ అరుగు మీదనే కూసోని ఎల్లిగడ్డ పొట్టు తీస్తది. ఆ దినం గూడ పళ్లెం ముందట పెట్టుకొని, పొట్టు తీసుకుంట మరిది చేసేది చూస్తున్నది. అంతల మసీదుల అసర్ నమాజుకు అజా పిలుపైంది. దాదీ పళ్లెం అక్కడనే పెట్టి నమాజుకు లోపలికి పోయింది.

నేను చాయ్ పట్టుకొని గడప దాటేసరికి మిల్లర్ పలకల మీద సగానికి ఎక్కి ఉన్నది. మరిది రిమోట్‌ను పైకెత్తి పట్టుకున్నడు. మొదలు వైరు నుంచి పొగ వచ్చింది. తర్వాత రేకు ముందటి కొస కాగితం లెక్క పైకి లేచింది. తడ్‌మని వించ్ బోల్టులతో సహా పీకుకొని ట్రాలీ మీద నుంచి వెనుకకు ఎగిరింది. మిల్లర్ పలకల మీదికెళ్లి దొర్లి, గల్లీ దాటి, దాదీ అరుగుకు కొట్టుకొని ఆగింది. అరుగు మూల షాబాదు బండ రెండు ముక్కలైంది. స్టీలు పళ్లెం మడతబడ్డది. ఎల్లిగడ్డలు గల్లీ అంత పడ్డయి.

నేను చాయ్ పళ్లెం గడప మీద పెట్టిన. నేను కోరుకున్నది కోరుకున్నట్టే అయింది.

మరిదికి నోరు రానీకి ఎక్కువ సేపు పట్టలే. డూప్లికేట్ మాల్ అన్నడు. రాణిగంజోడు మోసం చేసిండన్నడు. చుట్టున్నోళ్లు అవునవునన్నరు, చాయ్ తాగిన్రు, ఒక్కొక్కడే ఇంటి దారి పట్టిండు. అరుగు బండను లేపనీకి ఒక్కడు వంగలే. మా ఆయన మాత్రం, "పోనీ తియ్, ఎవ్వరికేం గాలే గద," అన్నడు.

దాదీ బయటికొచ్చి చూసింది. తిట్టలే. కింద కూసోని ఎల్లిగడ్డలు ఏరుతుంటె నేను గూడ పోయి పక్కన కూసున్న. ఆ రేకు ఆగదని నాకు ముందే తెలుసని, కోపంతోని నోరు మూసుకున్ననని ఆమెకు చెప్పేసిన. ఎందుకు చెప్పిన్నో నాకు తెల్వదు. చెప్పకపోతె అన్నం దిగకపోతుండె.

ఆమె ఏరుడు ఆపి నా మొఖంల చూసింది.

"వాడు తెల్వక చేసిండు బేటీ. నువ్వు తెలిసి చేసినవ్," అన్నది.

ఇంతకు ముందు నన్ను ఎంతోమంది ఎన్నో అన్నరు. ఏ మాట గూడ అట్ల లోపలికి పోలే. మరిదిని ఎక్కిరిచ్చుడు నాకు సులువు, ఆయన దానికి తగ్గట్టే ఉంటడు. ఆ దినం ఆయన కన్న నేనే నీచంగ కనవడ్డ. ఆయనది తెలివితక్కువతనం. నాది తెలివి, దాన్ని నేను చాయ్‌ల దంచిన.

మరునాడు మేస్త్రీని పిలిచి అరుగుకు కొత్త బండ వేయించిన. వించ్ సరిగ్గ బిగించనీకి దాదీనే తన తమ్మున్ని పంపిస్తనన్నది. ఆయనను అందరు చిచ్చా అంటరు. కంచన్‌బాగ్ దిక్కు ఒక కార్ఖానల ఫిట్టరు పని చేసి రిటైరైండు. డెబ్బయి దాటినయి. పొద్దున తొమ్మిదింటికి వస్తనని పదకొండుకొచ్చిండు. వచ్చినంక పాన్ నమిలెటందుకు ఇంకింత సేపు. ఈయన గూడ గిట్లనే ఉన్నడని నేను లోపల గొణుక్కున్న. కానీ పాన్ అయినంక ఒక గోనెసంచి అడిగి, నేల మీద పరుచుకొని, ఇస్త్రీ పైజామాతోనే ట్రాలీ కిందికి దూరిండు. మా గల్లీల ఒక మొగోడు పని కోసం పండుకొనుడు నేను అప్పుడే చూసిన.

బయటికొచ్చి మరిది వేసిన వైరును రెండు వేళ్ల నడుమ పట్టుకొని అటిటు తిప్పి చూసిండు. "యే పంఖే కా వైర్ హై," అన్నడు. ఫ్యానుకు వేసే వైరుతోని టన్ను బరువు గుంజబోయిన్రని మా ఆయనకు గూడ సమజైంది. మరిది ఫోను వచ్చినట్టు చేసి అవతలికి పోయిండు. ఆ ఫోను మోగింది నేను వినలే.

తర్వాత చిచ్చా ఒక మాట అడిగిండు. అంతవరకు ఎవ్వరు అడగని మాట.

"దీన్ని నడిపేది ఎవ్వరు?"

మా ఆయన అవతలున్న తమ్ముని దిక్కు చూసిండు. నేను, "నేనే," అన్న.

చిచ్చా మెచ్చుకోలే, వింతగ గూడ చూడలే. నన్ను ట్రాలీ పక్కన నిలవడమన్నడు, చెయ్యి చాపమన్నడు. నా చెయ్యి ఎక్కడి దాకా అందితె అక్కడ చాక్‌పీసుతోని గీత పెట్టి, కరెంటు బంద్ చేసే పెద్ద స్విచ్ ఆ గీత మీద పెట్టిండు.

రెండు దినాలు పట్టింది. తుప్పు రేకును కోసి పారేసిండు. కింద చాసిస్ రెండు దూలాలకు అడ్డంగ ఒక మందమైన ఇనుప చానల్ వెల్డింగ్ చేసిండు, దాని మీద ఇంకో మందమైన పలక, ఆ పలకకు వించ్. ఒక్కొక్క బోల్టుకు రెండు నట్లు. బ్యాటరీకి పెట్టె, బొటనవేలంత లావు వైర్లు. ఎగిరి పడ్డ వించ్‌ను విప్పి చూసి, మోటరు మంచిగనే ఉన్నదన్నడు. డూప్లికేట్ మాల్ వించ్ గాదని అప్పుడు తేలింది.

నడిపే పద్ధతి నాకే చెప్పిండు. తాడు గుంజుతున్నప్పుడు దానికి ఎదురుంగ గానీ, ఎక్కే మిషిన్ వెనుక గానీ ఎవ్వరు నిలవడొద్దు. తాడు మీద ఒక పాత బొంత వెయ్యాలె, తెగితె ఆ బరువుకు కింద పడుతది, మనిషి మీదికి ఎగురదు. ఒక్క మనిషి అడ్డమున్నా బటన్ వదిలెయ్యాలె. ముందుగాల రోలరుతోని, తర్వాత మిల్లర్‌తోని నాతోనే నడిపించిండు. మిల్లర్ మెల్లగ, దేని మీద కోపం లేనట్టు పైకెక్కింది. నేను సమోసా తినలే. రెండు చేతులతోని రిమోట్ పట్టుకున్న.

ఆ పొద్దుమీకి మరిది గడప మీద కూసోని ఎవరికో ఫోన్ల చెప్తున్నడు, మేమే ఫిట్టింగ్ చేసుకున్నమని, బయట ఇచ్చుడు దండుగని. చిచ్చా పక్కనే చేతులు కడుక్కుంటున్నడు. విన్నడు, నవ్విండు, పోయిండు. నేనైతె అంత పెద్ద మనసుదాన్ని గాదు, సబ్బు అందించుకుంటనే లోపల ఉడికిపోయిన.

వారం తిరగకముందే పత్తర్‌గట్టి వెనుక సందుల ఒక దుకాణం మరమ్మతు కాడ పని అయిపోయి, మిల్లర్ తిరిగి ఎక్కియ్యాల్సి వచ్చింది. మా ఆయన బండిల కూసున్నడు. నేను కొక్కెం తగిలించి, బొంత వేసి, బటన్ నొక్కిన. మిల్లర్ పలకల మీద సగమెక్కింది. మరిది పోయి సరిగ్గ దాని వెనుక నిలబడి, రెండు చేతులు చాపి నెట్టినట్టు చేస్తున్నడు, దుకాణపోళ్లు చూస్తున్నరు గద.

నేను బటన్ వదిలేసిన. మిల్లర్ ఆగింది.

"తమ్మీ, అక్కడి నుంచి జరుగు."

"ఏం గాదు వదినా, నువ్వు నడుపు."

నేను నడపలే. సందుల ఒక ఆటో, దాని వెనుక రెండు స్కూటర్లు ఆగినయి. హారన్లు కొడుతున్నరు. ఎవరో బెహెన్‌జీకి నడుపుడు రానట్టుందన్నరు. నేను రిమోట్ పట్టుకొని అట్లనే నిలవడ్డ. మరిది గూడ చేతులు చాపుకొని అట్లనే ఉన్నడు.

బండి తలుపు చప్పుడైంది. మా ఆయన నడుము పట్టుకొని మెల్లగ దిగిండు. వెనుకకొచ్చి తమ్ముని దిక్కు చూసిండు.

"జరుగురా," అన్నడు.

ఇన్నేండ్లల్ల ఆయన తమ్మునితోని అట్ల అనుడు నేను మొదటిసారి విన్న. మరిది చేతులు దించి దుకాణం మెట్ల మీదికి పోయి నిలవడ్డడు. నేను బటన్ నొక్కిన. మిల్లర్ ఎక్కినంక చక్రాలకు రాళ్లు పెట్టి, గొలుసులు కట్టి, స్విచ్ బంద్ చేసిన. మా ఆయన పక్కన ముందు సీట్ల కూసున్న. మరిది ఆటోల వస్తనన్నడు. మా తోని రమ్మని మేం అడగలే.