బొట్టు పెట్టిన ఫుట్‌రెస్టులు

ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుళ్ళుంటే వలుచుకుంటానే వినండి, చెవులు నాకిస్తే చాలు. మా ఆయన మోటార్‌ సైకిలుకి ఫుట్‌రెస్టులు, అదే కాళ్ళు పెట్టుకునేయి, మార్పిచ్చిన వైనం చెప్తాను. అంత డబ్బు పోసి అయ్యి మార్పిచ్చుకుంటే లాభమా దండగా అని మీ ఇంట్లో గూడా ఎవరన్నా వాదులాడుకుంటా ఉంటే, వాళ్ళని గూడా పిలవండి.

మాది ఉదయగిరి పక్క పల్లె. మా ఆయన ఊళ్ళో పెద్దమనిషి. ఎవరికి పొలం కాగితాల పని పడినా ఆత్మకూరు ఆఫీసులకాడికి ఈయన్నే ముందు నడవమంటారు. ఈయన నడిచేదేంలేదు, బండి తోలతాడు. ఒకరి వెనక కూర్చోవడం మాత్రం పుట్టి ఎరగడు.

అట్టాంటి మనిషికి కుడి మోకాలు పట్టేసింది. ఆత్మకూరు దాకా మడిచిన కాలు మడిచినట్టే ఉండి, దిగినాక ఒక పట్టాన సాగేది గాదు. బండి పట్టుకోని, ఎవరికోసమో ఎదురుచూస్తా ఉన్నట్టు రోడ్డు వైపు చూస్తా నిలబడేవాడు. చూసినోళ్ళు ఏదో పెద్ద ఆలోచనలో ఉండాడనుకునేవాళ్ళు. మోకాలు ఒప్పుకున్నాక కదిలేవాడు. వెనక కూర్చోని పోయేదాన్ని గనక ఆ సంగతి నాకు తెలుసు.

మా మరిది గూడా పసిగట్టినాడు. ఒకరోజు అన్నం తింటా, "అన్నా, ఈ వయసులో నీకెందుకీ తంటా? నేను తోల్తాను, నువ్వు వెనక హాయిగా కూర్చో" అన్నాడు.

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నా కాలికేమైంది రా? నీ నోటికే ఏదో అయింది" అన్నాడు.

మరిది పోయినాక మాత్రం నా పక్కకి తిరిగి మెల్లిగా, "వాడి వెనక కూర్చోని నేను ఆత్మకూరు పోయినాననుకో, మర్నాటి నుంచి ఊరోళ్ళు కాగితాలు వాడి చేతికే ఇస్తారే" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం నేను చూడలేకపోయినాను.

ఆత్మకూరులో బండి సామాన్ల అంగడికి పోయినాం. "వింజమూరులో మా బావకి మోకాలు నెప్పి. బండి తోలలేకపోతా ఉండాడు. ఏమన్నా దారి ఉండాదా?" అని ఈయన అడిగినాడు. వింజమూరులో మాకు బావ లేడు. అంగడాయన తళతళలాడే ఫుట్‌రెస్టుల జత తీసి, "ఇవి పాతవాటికంటే కిందికి వస్తాయి పెద్దాయనా, కాలు అంతగా మడవక్కరలా. గేరు, బ్రేకు గూడా వాటికి తగ్గట్టు దించి బిగిస్తాం" అని ధర చెప్పినాడు.

"మా బావ అంత పెట్టే మనిషి గాదులే" అని ఈయన మెట్లు దిగేసినాడు. లేని మనిషిని పిసినారిని గూడా చేసినాడు. పంచాయితీకి వచ్చినోళ్ళందరికీ టీలు, బజ్జీలు తెప్పించేటప్పుడు ధరడగడు గానీ, సొంత కాలికి పెట్టాలంటే, "పాదం ఆనించుకునేదానికి ఇనప ముక్క చాలదా?" అంటాడు.

సీటు ఎత్తు చేసినా కాలు సాగతాది గదా అని నేను పాత బొంత మడతలేసి సీటుకి కట్టినాను. మోకాలికి సుఖంగానే ఉండాది. కాకపోతే పాదం నేలకి అందలా. బండి ఆపాలంటే పక్కన గట్టన్నా ఉండాల, కల్వర్టన్నా ఉండాల. టీ అంగడి దాటిపోయి, కల్వర్టు కాడ ఆపి, వెనక్కి నడిచొచ్చి టీ తాగేవాడు. "ఏందయా, బండి అంత దూరాన పెట్టినావు?" అని అడిగితే, "అక్కడ నీడ ఉండాది" అన్నాడు. ఆ కల్వర్టు మీద కాకి వాలే చెట్టు గూడా లేదు.

ఆఖరికి ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పోయి ఆ ఫుట్‌రెస్టులే బిగిచ్చుకోని వచ్చినాడు.

తెల్లారితే శుక్రవారం. కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టకుండా వాడే అలవాటు మా ఇంట్లో లేదు. మిక్సీకి పెట్టినాను, బోరు మోటారుకి పెట్టినాను. ఆ చేత్తోనే ఫుట్‌రెస్టులకి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కోని వచ్చి, బండెక్కి కాలెత్తినాడు. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది.

"ఏందే ఇది?"

"కొత్తయ్యి గదా."

"బొట్టు పెట్టినదాని మీద కాలెట్ట పెట్టేది?"

నాకు అప్పుడు తట్టింది. "పోనీ, తుడిచేస్తాను."

"శుక్రవారం పొద్దున్నే బొట్టు తుడస్తావా? నేనింకా బతికే ఉండానే!"

మరిది గేటు కాడ నిలబడి అంతా చూసినాడు. "వదినా, కాళ్ళు పెట్టుకునేదానికి అంత ఖర్చు పెట్టి, కాళ్ళు పైకెత్తుకోని కూర్చున్నాడేంది మా అన్న? నాకట్టాంటి పట్టింపుల్లేవు. తాళం ఇటియ్యండి."

"వాన పడితే అదే పోతాదిలే" అని మా ఆయన బండి దిగినాడు. మా పక్క వానని నమ్ముకోని బండి పెట్టడమంటే ఇంక దాన్ని మర్చిపోవచ్చు. ఈలోపల ఆత్మకూరు పనుండాదని ఊళ్ళోవాళ్ళు రానే వచ్చినారు. మరిది జేబులో దువ్వెన తీసి తల దువ్వుకుంటా ఉండాడు.

అప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. పండగైపోయినాక వినాయకుణ్ణి తీసేటప్పుడు ఏం చేస్తాం? ఉద్వాసన చెప్పి కదిలిస్తాం. బండిని రవ్వంత ముందుకి జరిపిచ్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి, "అమ్మా, వచ్చినావు, సంతోషం. ఇంక పోయి రా తల్లీ, ఈయన కాళ్ళు పెట్టుకోవాల" అని రెండు పక్కలా ధారగా పోసినాను. ఆయన కళ్ళు మూసుకోని నిలబడినాడు. బొట్టు నీళ్ళు తీసుకుపోయినాయి గానీ నేను తుడవలా. మరిది దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

ఆత్మకూరులో బండాపి దిగినాడు. నేను అలవాటు కొద్దీ ఆయన మోకాలు సాగేదాకా ఆగదామని చీర సర్దుకుంటా నిలబడినాను. తలెత్తి చూస్తే ఆఫీసు గుమ్మం కాడుండాడు. "ఏందే, ఎవరికోసం చూస్తా ఉండావు?" అని అక్కడ్నించి కేకేసినాడు. పెట్టిన డబ్బు గురించి నేను ఆ తర్వాత ఒక్క మాట గూడా అనలా.

మా ఊరి టీ అంగడి కాడ ఆయన ఈడు మగాళ్ళంతా బండి చుట్టూ మూగినారు. "మోకాళ్ళకి మంచిదంట గదా ఇది?"

"మోకాళ్ళా? నా మోకాళ్ళకేం! పాతయ్యి తుప్పు పట్టినాయి, మార్పిచ్చినాను."

"డబ్బుకి తగ్గట్టు ఉండాదా?"

"దండగ. చూసేదానికంతే."

దండగేలే అని అందరూ తలూపినారు. తలూపతానే ఒకాయన మోకాలు రుద్దుకుంటా ఉండాడు.

కొన్నాళ్ళకి హారను చెడిపోతే మళ్ళీ ఆ అంగడికే పోయినాం. అంగడాయన నన్ను చూసి, "మీ ఊరికి సముద్రం గానీ దగ్గరికొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"ఫుట్‌రెస్టులు మార్పిచ్చుకునేదానికి మీ ఊరి పెద్దోళ్ళు వరసగా వస్తా ఉండారు. అందరిదీ తుప్పేనంట. నెప్పని ఒక్కరన్నా అనలా."

మా ఆయన గోడకి తగిలించిన హారన్లని ఒకటొకటే నొక్కి చూస్తా ఉండాడు.

మీ ఇంట్లోవాళ్ళు దిగిన చోట నిలబడిపోకుండా నడిచిపోవాల. నెప్పొస్తే నెప్పని చెప్పుకునే నోరు, విని నవ్వకుండా ఉండే మనిషి మీ గడప లోపలే దొరకాల. పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరూ చల్లగా ఉండండి నాయనా.