ఉప్పు లేని కోడిపిల్లలు

1979 జూన్‌లో విశాఖపట్నంలోని ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగంలో జూనియర్ టెక్నీషియన్‌గా చేరాను. ఏడాది ప్రొబేషన్. కోడిపిల్లల మూత్రపిండాలను మైనం దిమ్మల్లో పోసి, మైక్రోటోమ్ మీద పలచటి పొరలుగా కోసి, రంగులద్దడం నా పని. పెళ్లిచూపుల్లో మా నాన్న దీన్ని ‘సైన్సు ఉద్యోగం’ అని క్లుప్తంగా ముగించేవారు.

పరిశోధన మా విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న విజయలక్ష్మి గారిది. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నటి నాళాల ఉండలుంటాయి. ప్రతి ఉండకూ రక్తం తెచ్చే ధమని గోడలో కొన్ని కండర కణాలు రూపు మార్చుకుని, రేణువులు నింపుకుంటాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ రేణువులు పెరగాలి. పిల్ల ఎదిగేకొద్దీ ఇదెలా జరుగుతుందో చూడటానికి ఒక గుంపుకు ఉప్పు మేత, రెండో గుంపుకు ఉప్పు లేని మేత పెట్టించారు.

ఆరు వారాలయ్యాక కొన్ని పిల్లల్ని కోసి చూస్తే రెండు గుంపుల్లోనూ రేణువులు ఒకేలా ఉన్నాయి. ఆమె పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తీసి, రంగద్దడంలోనే తప్పు జరిగిందన్నారు. రంగద్దేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి దర్యాప్తు త్వరగా ముగిసింది. మళ్లీ ఇలాగే వస్తే ప్రొబేషన్ నివేదికలో రాస్తానన్నారు. మిగిలిన దిమ్మలు కోసి మళ్లీ అద్దాను. మళ్లీ అదే.

ఇక మిగిలిన పిల్లల ముఖాలైనా చూద్దామని పంజరాల గదికి వెళ్లాను. కంచరపాలెం నుంచి వచ్చి మేత వేసే అప్పలకొండమ్మ, ఉప్పు లేని గుంపు ముందు కూర్చుని ఎండు నెత్తళ్లు నలిపి వేస్తోంది.

“ఏటమ్మా, ఏటి సేత్తన్నావ్?” అన్నాను.

“కనబడ్డం నేదేటి బాబూ? పిల్లలు సిక్కిపోతన్నాయి. సప్పిడి కూడు ఎన్నాళ్లు తింటాయి?”

“ఉప్పెయ్యొద్దని సెప్పారు గదా.”

“నాను ఉప్పు ముట్టుకుంటే ఒట్టు. సేపెయ్యొద్దని ఎవులన్నారు?”

ఎవరూ అనలేదు. మేత నియమాలు రాసి గోడకు అంటించిన కాగితంలో కూడా చేప ప్రస్తావన లేదు.

విజయలక్ష్మి గారు ఏడుస్తారనుకున్నాను, నవ్వారు. ప్రొఫెసర్ గారు విషయం విని మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఆయన క్షమాపణ చెప్పే పద్ధతి అది. కొత్త పిల్లలు వచ్చాయి. విజయలక్ష్మి గారు అప్పలకొండమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఆ కణాలు చూపించి, ఎండు చేపలోని ఉప్పు వాటిని ఏం చేస్తుందో చెప్పారు. “ఇంతోటి దానికా ఈ గొడవ” అని లేచిందామె. కానీ నెత్తళ్లు మానేసింది.

ఈసారి ఉప్పు లేని గుంపులో ధమని గోడలు ఊదారంగు రేణువులతో నిండాయి. రంగు అదే, అద్దిన చేతులూ అవే. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత సర్వీసంతా ఒకటే పద్ధతి పాటించాను. ఏది వేయకూడదో మాత్రమే చెబితే, మేత వేసేవారు మిగతావన్నీ వేస్తారు. ఎందుకు వేయకూడదో కూడా చెప్పాలి.