ఓట్స్ జ్వరం

అమలాపురంలో స్నేహితుడి పెళ్ళికి వెళ్తే, నాకు పక్కింటి సుగుణ గారి ఇంట్లో విడిది ఇచ్చారు. పొద్దున్నే నేను ఉప్పైనా లేని ఓట్స్ జావ మింగుతుంటే ఆవిడ కంగారుగా, "ఒంట్లో బాగోలేదాండీ?" అన్నారు.

"బానే ఉందండీ. బరువు తగ్గాలని తింటున్నాను."

"ఆయ్, తగ్గుదురుగాని. విడిదికొచ్చినాయన చప్పిడి జావ తాగేరంటే వీధిలో మేం తలెత్తుకోగలమాండీ?" అంటూ గిన్నె పట్టుకుపోయారు. మజ్జిగ కలిపి, అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి, పైన లేతకొబ్బరి వేసి తెచ్చారు.

నేను రెండోసారి వడ్డించుకుంటుండగా ఎదురింటి పెద్దాయన కొబ్బరిబొండాలతో వచ్చారు. నాకు జ్వరమని అప్పటికే వీధంతా తెలిసిందట.

సుగుణ గారు ఆయనకూ ఓ గిన్నె ఇచ్చారు. ఆయన అడుగంటా తిని, మూతి తుడుచుకుని నాతో అన్నారు: "ఈ జ్వరం రేపటిదాకా ఉంచండి. పొద్దున్నే మళ్ళీ చూడ్డానికొస్తానండీ."